నాలుగు నెలల నుదురు

నంద్యాల,
12-11-2006

చిరంజీవి భారతికి,

ఈ ఉత్తరం చేరేటప్పటికి నీవు లేచి తిరుగుతూ ఉండాలని మహానందీశ్వరుడికి మొక్కుకుని మొదలుపెడుతున్నాను.

నిన్న ఫోనులో నీవు చెప్పింది సగమే వినపడింది. నా చెవుల సంగతి నీకు తెలుసు కదా. హైదరాబాదు అన్నావు, నుదుట్లో ఇంజక్షన్లు అన్నావు. చివర "మూడు నాలుగు నెలలు, అంతకంటే ఉండదని డాక్టరమ్మ చెప్పింది" అన్నావు. ఆ మాట మాత్రం గంట కొట్టినట్టు వినపడింది. ఫోను నా చేతిలోంచి జారిపోయింది. మీ బావ తీసేసరికి లైను తెగిపోయింది.

భారతీ, డాక్టర్లు చెప్పిందంతా వేదం కాదు. మన పెద్దనాన్న కొడుకు చంద్రకు ఆరు నెలలే అన్నారు. ఇప్పుడు మనవణ్ణి సైకిలు మీద బడిలో దింపుతున్నాడు. నీవు ధైర్యంగా ఉండు. యాగంటికి వచ్చి తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. నావే, నీవి కాదు. మాఘంలో నీ బిడ్డ చందన పెళ్లి పెట్టుకుని నిన్ను ఎక్కడికీ పోనివ్వను.

ఈ మోకాళ్లతో బస్సెక్కలేకపోతున్నాను, లేకపోతే ఈపాటికి నీ ముందుండేదాన్ని. గడ్డ మెదడులోనా, పైనా? దాచకుండా రాయి. చందనకు చెప్పావా? నూనె వస్తువులు తినకు.

నీ అక్క
ఉమామహేశ్వరమ్మ


ఆళ్లగడ్డ,
16-11-2006

అక్కా,

ముందు కళ్లు తుడుచుకుని తర్వాత చదువు. నేను చచ్చిపోవడం లేదు. మూడు నాలుగు నెలలకంటే ఉండనిది నేను కాదు, ఇంజక్షను పని. గడ్డా లేదు, గాడిదగుడ్డూ లేదు. అవి ముడతలు పోయే ఇంజక్షన్లు.

తాంబూలాల ఫోటోలు వచ్చాయి చూడు, అక్కడ మొదలైంది. చందన నవ్వుతోంది, మహేష్ నవ్వుతున్నాడు, నీవు పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నావు. నేను మాత్రం ఎవరినో కొట్టబోతున్నట్టున్నాను. ఆ రోజు ఫోటోగ్రాఫరు "రోంత నవ్వమ్మా" అన్నాడు. "నవ్వుతానే ఉండా గదప్పా" అన్నాను. నిజంగానే నవ్వుతున్నానక్కా. ఇరవై ఏళ్లలో అంత సంతోషపడిన రోజు లేదు. వెళ్లేటప్పుడు మహేష్ వాళ్ల అవ్వ వెంకటమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఏందమ్మా, నీకు ఈ సంబంధం ఇష్టంలేదా" అని అడిగింది.

కనుబొమల మధ్య నాకు రెండు గాట్లున్నాయి కదా. అవి నాకు పుట్టుకతో రాలేదు. ఆయన పోయాక దొర్నిపాడు పొలంలో ఎండకు ఎదురుగా నిలబడి, కూలీలతో, కాలవ నీళ్లతో, పక్క చేను వాళ్లతో కొట్లాడుతూ తెచ్చుకున్నవి. తెచ్చుకున్న దాన్ని నేనే, తీసేసుకునేదీ నేనే.

చందన మొటిమల మచ్చలు చూపించడానికి హైదరాబాదు పోయినప్పుడు ఆ చర్మం డాక్టరమ్మ పిల్లను వదిలేసి నన్ను చూసి, "చాలాసేపు కూర్చోబెట్టామని కోపం వచ్చిందా" అని అడిగింది. కోపం కాదమ్మా, నా ముఖమే అంత అన్నాను. అప్పుడు చెప్పింది. సన్నటి సూదులు. చీమ కుట్టినంత. గాటు కింద ఉన్న కండ కొన్నాళ్లు నిద్రపోతుందట. మందు పూర్తిగా పట్టడానికి రెండు వారాలు. మూడు నెలలు, మహా అయితే నాలుగు, తర్వాత కండ మెల్లగా మేలుకుంటుంది, గీతలు మళ్లీ వస్తాయి. మాఘం దాటుతుందా అని అడిగాను. దాటుతుందంది. అయితే వెయ్యమన్నాను.

ఇంతే సంగతి. నీ తలనీలాలు నీ దగ్గరే ఉండనీ. శనగ బాగా మొలిచింది. బావకు నమస్కారాలు.

భారతి


నంద్యాల,
23-11-2006

భారతికి,

నీవు బతికున్నందుకు సంతోషించి, ఆ వెంటనే నిన్ను కొట్టాలనుకున్నాను. బావ నీ ఉత్తరం చదివి, చొక్కా వేసుకుని బయటికి పోయాడు. ఆయన అలా పోతే ఎంత కోపమో నీకు తెలుసు.

యాభై దాటినదానివి. పెళ్లీడు పిల్లకు తల్లివి. ఆయన పోయాక బొట్టు మానుకున్నావు, పూలు మానుకున్నావు, పట్టుచీర కట్టమంటే కసురుకున్నావు. ఇప్పుడు ముఖానికి సూదులా? నలుగురూ ఏమనుకుంటారు? పైగా అది నిలిచేది కూడా కాదు. మూడు నెలల ముచ్చట కోసం ముఖాన పొడిపించుకుంటారా ఎవరైనా? నిలిచేదైతే ఒక అర్థం ఉంది. కరిగిపోయేదానికి చెడ్డపేరెందుకు?

ఒక్క సంగతి అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. విత్తనాల షాపు యేసురత్నం భార్య పోయి రెండేళ్లవుతోందని విన్నాను. చెడ్డవాడని ఎవరూ అనరు. నీ మనసులో అలాంటిది ఏమైనా ఉంటే నాకు చెప్పు. బావతో నేను మాట్లాడతాను. కానీ చందన పెళ్లి అయ్యేదాకా ఆగు.

కుడి మోకాలు మళ్లీ వాచింది. వావిలాకు కట్టుకుంటున్నాను.

అక్క


ఆళ్లగడ్డ,
1-12-2006

అక్కా,

నీ ఉత్తరం చదివి పొయ్యి మీద పాలు పొంగిపోయేదాకా నవ్వాను. పాపం యేసురత్నం. ఆయనకు నేను షాపులో అడుగుపెడితే భయం. విత్తనం మొలవకపోతే తిరిగి తెచ్చి ముఖాన కొడతానని. మళ్లీ పెళ్లి చేసుకోవాలనుకుంటే గాట్లతోనే చేసుకునేదాన్ని. ఆడది తన ముఖం కోసం ఏదైనా చేసుకుంటే దాని వెనక మగవాడు ఉండి తీరాలా? అద్దంలో రోజూ నన్ను చూసుకునేది నేనే కదా.

నిలవదని అన్నావు. మల్లెపూలు పొద్దుగూకితే వాడిపోతాయి, కొనడం మానేశారా నంద్యాల ఆడవాళ్లు? పూలు మానుకున్న నేనే పూల పోలిక తెచ్చాను, చూశావా.

గాట్లు పోయాయి. నిజంగా పోయాయి. ముఖం కడుక్కుంటూ చేతికి తగలకపోతే ఇది ఎవరి నుదురా అనిపించింది. చేలో మాత్రం ఒక చిక్కు వచ్చింది. పత్తి తీసే కొండమ్మ మొన్న నా దగ్గరికి వచ్చి, "అమ్మా, ముందర నీ ముఖం చూస్తే తెలుస్తాండె. ఇప్పుడు కోపం వచ్చిందో రాలేదో తెలీక పానం పోతాంది, నోటితో చెప్పు" అంది. అందుకని ఇప్పుడు నోటితో చెబుతున్నాను. కోపం వచ్చింది కొండమ్మా. కోపం రాలేదు కొండమ్మా. అలవాటైపోతుంది.

ఇంకొకటి. నీకు చెప్పకపోతే ఇంకెవరో చెబుతారు. ఎడమ కన్ను పైరెప్ప కాస్త కిందికి వాలింది. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. అరుదుగా కొందరికి మందు పక్కకు జారి ఇలా అవుతుందట, కొన్ని వారాల్లో దానంతటదే పైకి లేస్తుందంది. రుద్దుకోవద్దని, తల వంచి పడుకోవద్దని ముందే చెప్పింది. నేను తిరుగుబస్సులో ముందు సీటు కడ్డీకి నుదురు ఆనించి కునుకు తీశాను. అందుకో, ఇంకెందుకో. నొప్పి లేదు, చూపు బాగుంది. కాస్త నిద్రమొహంలా కనపడుతున్నాను, అంతే.

భారతి


నంద్యాల,
11-12-2006

భారతికి,

కొంప మునిగింది. నిన్న గోస్పాడు నుంచి వియ్యపురాలు రామేశ్వరమ్మ మా ఇంటికి వచ్చింది. ఒక్కతే. కాఫీ కూడా తాగలేదు.

ఆళ్లగడ్డ సంతలో వాళ్ల బంధువు ఎవరో నిన్ను చూశారట. ఒక కన్ను వాలిపోయింది, ముఖంలో కదలిక లేదు, నీకు పక్షవాతం వచ్చిందని చెప్పారట. రామేశ్వరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "నేను మా అమ్మను ఏండ్ల తరబడి మంచంలో చూసినాను వదినా. మూతి వంకర పోయి, గుటక పడక. నా ఇంట్లోకి మళ్లీ అది రాకూడదు. తల్లికి వస్తే బిడ్డకు రాదని ఎవురు చెప్పగలరు" అంది. ఆమెను నేను తప్పు పట్టలేకపోయాను. లగ్నపత్రిక రాయించడం ఆపేశారు.

చివరికి, పక్షవాతం కాదు, పత్తి చేలో కంట్లో దుమ్ము పడి రెప్ప వాచింది అని చెప్పాను. నమ్మిందో లేదో. ఇక నీవు ఆ మాట మీదే నిలబడు. నల్ల కళ్లద్దాలు పెట్టుకో. ఇల్లు కదలకు. రెప్ప లేచాక అందరికీ కనపడుదువుగాని. ఇంజక్షన్ల సంగతి మాత్రం నోరు జారవద్దు. పక్షవాతం కంటే అది ఎక్కువ చెడ్డపేరు.

నా మీద ఒట్టు.

అక్క


ఆళ్లగడ్డ,
18-12-2006

అక్కా,

నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. కళ్లద్దాలు కొనలేదు. శుక్రవారం పొద్దున బస్సెక్కి గోస్పాడు పోయాను.

పక్షవాతం అని భయపడుతున్న మనిషికి దుమ్ము అని అబద్ధం చెబితే ఆ భయం ఎక్కడికి పోతుంది? రేపు చందన కంట్లో నలక పడినా ఆమె గుండె ఆగుతుంది. అది నా బిడ్డకు జన్మంతా శిక్ష. అందుకే పోయాను.

రామేశ్వరమ్మ వసారాలో కూర్చోబెట్టింది. పెద్దామె వెంకటమ్మ మంచం మీద ఉంది. మహేష్ నంద్యాలలో డ్యూటీకి పోయాడట. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ముడతలకు ఇంజక్షన్ చేయించుకున్నాను, రెప్ప దానివల్ల వాలింది, కొన్ని వారాల్లో లేస్తుంది, మందు మొత్తం నాలుగు నెలల్లో పోతుంది, ఇది రోగం కాదు, నా బిడ్డకు రాదు అన్నాను. డాక్టరమ్మ ఫోన్ నంబరు ఇచ్చి, ఇప్పుడే మాట్లాడమన్నాను. మాట్లాడింది. ఫోను పెట్టేసి చాలాసేపు గాలి పీల్చుకుంది.

భయం పోయాక నాలుక లేచింది.

"అయితే రోగం కాదు, సోకన్నమాట" అంది.

"సోకే అనుకో వదినా."

"మొగుడు లేనిదానివి. ఎవురికి చూపియ్యాలని?"

"ఫోటోలో నేను చూసుకోవాలని."

"మా ఇంట్లో ఇట్లాటివి లేవు వదినా. నలుగురు నవ్వుతారు. పెళ్లిలో నువ్వు వెనకాల ఉండు. ఇంకెప్పుడూ ఆ సూదులు వేపించుకోనని మాటియ్యి. అప్పుడు లగ్నం రాపిస్తాము."

అప్పుడు నా నుదురు ముడి పడలేదక్కా. పడేది కాదు కదా. నా కోపం ఆమెకు కనపడలేదు. అందుకని నోటితో చెప్పాను. "నాకు కోపం వచ్చింది వదినా. ఇరవై ఏండ్లు చేన్లో ఒక్కదాన్నే నిలబడితే ఎవురూ వెనకాల నిలబడమనలేదు. బిడ్డ పెళ్లిలో ఏమిటికి నిలబడాల? మాట ఇయ్యను" అని లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి చందనకు చెప్పాను. "నీ ముఖం కోసరం నా పెళ్లి చెడగొడ్తాండావు" అని తలుపు వేసుకుంది. మూడు రోజులుగా నాతో మాటల్లేవు. వండి పెడుతోంది, స్కూలుకు పోయి పాఠాలు చెప్పి వస్తోంది. నేనూ మాట్లాడించలేదు. అన్నం మాత్రం గొంతు దిగడం లేదు.

భారతి


నంద్యాల,
2-1-2007

భారతికి,

పది రోజులు కలం పట్టుకోలేదు. రాస్తే తిట్లే వచ్చేవి.

నిన్న మహేష్ వచ్చాడు. పిల్లవాడు నలిగిపోయి ఉన్నాడు. "పెద్దత్తా, నాకేం పట్టింపు లేదు. మా అమ్మ అన్నం మానేసి కూచుంది. అత్తను ఒక్క మాట అనమను సాలు" అన్నాడు. తప్పేముంది? చందన వయసు ఇరవై నాలుగు. ఈ సంబంధం తప్పితే ఎందుకు తప్పిందో జిల్లా అంతా చెప్పుకుంటారు. తల్లి సోకులకు తప్పింది అంటారు. ఆ పిల్లను ఎవరడుగుతారు?

ఎలాగూ అది నాలుగు నెలల్లో పోయేదే కదా. పోయేదాని కోసం పట్టుదల ఎందుకు? ఒక్కసారి సరే అను. మాటే కదా, ఏం పోతుంది? పెళ్లిలో నేనూ బావా పీటల మీద కూర్చుంటాం, నీవు వెనక వరసలో కూర్చో. నేను చెబితే ఏదీ వినవు, చిన్నప్పటి నుంచీ అంతే. ఈ ఒక్కటి విను. నీ చేతులు పట్టుకుని అడుగుతున్నాను.

అక్క


ఆళ్లగడ్డ,
9-1-2007

అక్కా,

గీతలు పోయినా తిరిగి వస్తాయి. మాట ఒకసారి ఇస్తే తిరిగి రాదు. నీకు ఆ రెంటిలో ఏది చిన్నదిగా కనపడిందో నాకు అర్థం కాలేదు.

మళ్లీ వేయించుకుంటానో లేదో నాకే తెలియదు. కానీ వేయించుకోను అని ఇంకొకరి గడపలో మాట ఇస్తే, రేపు ఏ చీర కట్టాలో, ఏ పొలం అమ్మాలో, ఎవరితో మాట్లాడాలో అదీ ఆ గడపలోనే తేలుతుంది. ఆయన పోయిన ఏడాది మరిది ఇలాగే, పొలం కాగితం మీద ఒక్క సంతకమే కదా అన్నాడు. పెట్టి ఉంటే ఈ రోజు నీకు ఉత్తరం రాయడానికి కాగితం కూడా ఉండేది కాదు.

రెప్ప లేచింది. పూర్తిగా. కన్ను రెండోదానితో సమానంగా తెరుచుకుంటోంది.

నీ ఉత్తరం బల్ల మీద ఉంటే చందన చదివింది. నేను గొడ్లకు నీళ్లు పెట్టి వచ్చేసరికి కూర్చుని ఉంది. "నేను పోతే నిన్ను ఎవురు చూస్తారని పెద్దమ్మ ఒక్క ముక్క రాయలేదే" అంది. "నన్ను ఎవురు అడుగుతారని మాత్రం రాసింది." ఉత్తరం మడిచి పెట్టింది. మెల్లగా, "ఆ పొద్దు ఫోటోలో నువ్వు నిజంగా నవ్వుతాండావామ్మా? నేను గూడా నీకు ఇష్టం లేదనే అనుకున్నా" అంది.

నా బిడ్డే అలా అనుకుంది అక్కా. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. అవి రావడానికి నుదురు అక్కర్లేదు.

తర్వాత తనే మహేష్‌కు ఫోను చేసింది. నేను పక్కనే ఉన్నాను. "మా అమ్మ మాటియ్యదు. మా అమ్మ ముందర వరసలో కూచుంటాది. కూచోకుంటే నేను పీటల మీదికి రాను. మీ అమ్మను అన్నం తినమను" అని పెట్టేసింది. వచ్చి నా ఒడిలో తల పెట్టుకుని పడుకుంది. చిన్నపిల్లప్పుడు కూడా ఇంతసేపు పడుకోలేదు.

ఇప్పటిదాకా అటు నుంచి కబురు లేదు. వచ్చినా రాకపోయినా మేమిద్దరం అన్నం తింటున్నాం.

భారతి


నంద్యాల,
20-2-2007

నా చెల్లెలు భారతికి,

పెళ్లి సామాన్లు సర్దడం ఇప్పటికి అయింది. కాళ్లు చాపుకుని కూర్చుని రాస్తున్నాను.

మాఘం చివరి ముహూర్తానికి కబురు వచ్చినప్పుడు కూడా నాకు నమ్మకం లేదు. రామేశ్వరమ్మ దానికెలా ఒప్పుకుందో మొన్న సారె పంపేటప్పుడు ఆమే చెప్పింది. మహేష్ ఏం చెప్పినా దిగిరాలేదట. చివరికి పెద్దామె వెంకటమ్మ మంచం మీద నుంచి, "రోగం దాచి పెండ్లి చేసినోళ్లను చూసినాం. సోకును ఇంటికొచ్చి చెప్పినోళ్లను యాడా చూడలేదు. అట్లాటామె బిడ్డను ఇడిసిపెడ్తావా" అందట. దాంతో అన్నం తిన్నదట. నీతో మాత్రం ఇంకా ముభావంగానే ఉంటుంది. ఉండనీ.

నీవు మండపంలో ముందు వరసలో కూర్చున్నావు. నీకు తెలియనిది భోజనాల దగ్గర జరిగింది. అది చెప్పడానికే ఇదంతా.

మగపెళ్లి వాళ్ల ఆడవాళ్ల బంతిలో నన్ను కూర్చోబెట్టారు. నా ఎదుట ఉన్న ఒకామె నా చెవి దగ్గరికి వంగి గట్టిగా, "పెద్దమ్మా, మీ చెల్లెలు ముఖానికి సూదులు పొడిపిచ్చుకునిందంట, నిజమేనా" అని అడిగింది. అటూ ఇటూ ఉన్నవాళ్లు తినడం ఆపారు. నేను ఎప్పటిలాగే దుమ్ము పడిందని చెప్పబోయాను. నోటి దాకా వచ్చింది. అప్పుడు మండపం వైపు చూస్తే, నీవు ఎవరితోనో మాట్లాడుతూ నవ్వుతున్నావు. దూరం నుంచి, నా చూపుకు కూడా, అది నవ్వని తెలిసింది.

"నిజమే" అన్నాను. "మా చెల్లెలు వేయించుకుంది. మూడు నాలుగు నెలలుంటుంది. తర్వాత పోతుంది. దాని ముఖం, దాని ఇష్టం. మీకేమైనా వడ్డించమంటారా?"

భారతీ, అరవై రెండేళ్లలో నేను నలుగురిలో అలా మాట్లాడడం అదే మొదటిసారి. పులుసు చీర మీద ఒలికింది. అందరూ నన్ను తింటారనుకున్నాను. వాళ్లు మళ్లీ అన్నంలో చెయ్యి పెట్టారు. కాసేపటికి చివర కూర్చున్న ఒక ముసలామె తల వంచుకునే, "నొప్పి అయితాదా" అని అడిగింది.

చీమ కుట్టినంత అని చెప్పాను.

బావకు ఈ సంగతి చెప్పాను. చొక్కా వేసుకోలేదు. అక్కడే కూర్చుని పేపరు చదివాడు.

నీ అక్క
ఉమ


ఆళ్లగడ్డ,
18-3-2007

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పులుసు ఒలికిన చోట ఎక్కువసార్లు.

శనగ ఇంటికి చేరింది. చందన ఉగాదికి వస్తానంది, మహేష్‌కు సెలవు దొరికితే ఇద్దరూ. ఇల్లు ఖాళీగా ఉంది. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పను.

వారం నుంచి నుదురు కదులుతోంది. మొదట దురదలా అనిపించింది. నిన్న శనగ తూకం దగ్గర ఒకడు మోసం చేయబోతే, నేను నోరు తెరవకముందే వాడు తగ్గాడు. అద్దంలో చూస్తే రెండు గీతలూ లేతగా మొలిచాయి. డాక్టరమ్మ చెప్పినట్టే నాలుగు నెలలు. కొండమ్మ నన్ను చూసి, "ఇప్పుడు మళ్లా మా పాత అమ్మ మాదిరి ఉండావు" అని సంతోషపడింది. నాకైతే ఆ ముఖమూ నాదే, ఈ ముఖమూ నాదే.

మళ్లీ పోతావా అని నీవు అడగలేదు. అడగాలని ఉండి ఆపుకున్నావని తెలుసు. ఇంకా అనుకోలేదు. వచ్చే నెల పోవచ్చు, ఎప్పటికీ పోకపోవచ్చు. వెళ్లే రోజు నీకు చెబుతాను.

చెబుతాను అక్కా. అడగను.

భారతి